బీడని రాయించిన చేను

మా ఊరి మొదటి బస్సు ఐదున్నరకు. తిరుత్తణిలో దిగి, మనవరాలు గీత చెయ్యి పట్టుకుని స్టేషన్ వంతెన మెట్లెక్కేసరికే నా మోకాళ్లు ఆ రోజుకు సెలవడిగాయి. ఆరూ నలభై లోకల్ దొరికింది. తిరువళ్లూరుకు టికెట్టు పది రూపాయలు.

గీతకు వ్యవసాయ కాలేజీలో రైతు పిల్లలకని విడిగా ఉంచిన సీటు వచ్చింది. మా ఇంట్లో సేద్యం జరుగుతోందని తిరువళ్లూరు ఆఫీసులో కాగితాలు చూపితేనే అది నిలుస్తుంది.

అరక్కోణంలో పూలబుట్టతో ఒకావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. తెలుగావిడే. ఆమెకు మా పదెకరాల చెరకు తోట, రెండు బోర్లు, ట్రాక్టరు అన్నీ వర్ణించి, గీత సీటు సంగతీ చెప్పాను. నిజానికి మాకున్నది ఎకరం ముప్పావు. చెరకు పక్కచేనువాళ్లది. ఆమె గీతనే చూస్తూ, "మావోడు ఆవడిలో వాచ్‌మెన్ పనికైనా పోతానంటాడు గానీ మడిలో కాలు పెట్టడు. నీకెందుకు పాపా ఈ సదువు?" అంది.

"పోయినేడు అరెకరాలో చెనిక్కాయలు ఏసినానక్కా. సగం తెగులుకు పోయినాయి. ఎందుకు పోయినాయో చెప్పేవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు," అంది గీత.

ఎనిమిదికి దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. ఆఫీసులో ఫ్యాన్ కింద చోటు లేదు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. కిటికీలోని అమ్మాయి అడంగల్ తిరగేసింది. ఏ చేలో ఏ పంట ఉందో ఊరి రెవెన్యూ అధికారి, అదే వీఏఓ, ఏటా రాసే లెక్క అది. మూడేళ్లుగా మా చేనుకెదురుగా ఒకటే మాట, బీడు. "భూమి ఉంది తాతా, సేద్యం లేదే," అని తమిళంలో అంది. పదిహేను రోజుల్లో వీఏఓ చేలో పంట చూసి రాసిస్తే తీసుకుంటానంది.

టీ కొట్టు దగ్గర వీఏఓను పది నిమిషాలు తిట్టాను. గీత వింటూ కళ్లు తుడుచుకుంది. ఇక లాభం లేక చెప్పేశాను. అలా రాయించింది నేనే. పంట లేని నేలైతే ప్లాట్లకు తొందరగా పోతుందని బ్రోకరన్నాడు. మా వైపు ముసలివాళ్లం చాలామందిమి చేలో పంట పెడుతూనే కాగితంలో బీడు రాయించుకుని బేరం కోసం కూర్చున్నాం.

"అయితే నేను నీళ్లు కట్టింది బీడుకా తాతా?"

మూడింటి లోకల్‌లో నిలబడే తిరిగొచ్చాం. మణవూరు దాటేదాకా గీత వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. తిరువాలంగాడులో అంది: "చేలో ఇప్పుడేం పంట లేదు గానీ, తోటకూర అయిదు దినాల్లో మొలస్తాది. వీఏఓ వచ్చేలోపల బెత్తెడు లేస్తాది. ముందు ఆ బ్రోకరుకు ఫోన్ చెయ్యి."

ఫోను చెవికి పెట్టుకుని, కోటిచ్చినా అమ్మేది లేదని పెట్టంతా వినేట్టు బ్రోకరును దులిపేశాను. గీత ఫోను లాక్కుని చూసింది. నేను నంబరే నొక్కలేదు. తనే నొక్కి నా చెవికి పెట్టింది. ఈసారి నా గొంతు నాకే సరిగా వినబడలేదు.

"చేను అమ్మను నాయనా. మా పాప పంట పెడతా ఉంది."

తిరుత్తణిలో విత్తనాలు కొని సాయంత్రం బస్సెక్కాం. ఈ దారిన వెళ్లేవారు అడంగల్‌ను ఇంట్లోనే చదువుకుని బయలుదేరండి. బస్సులో గీత రేపటి పనులు పంచింది. మళ్లు తను కడుతుందట, నీళ్లు నేను పెట్టాలట. చాలా అలసిపోయానన్నాను. ఆ రోజంతటిలో నేను పెంచి చెప్పనిది అదొక్కటే.