రంగూన్ దారి చదివించిన మేడం

మా బడి లైబ్రరీ మేడం గురువారం పొద్దున పోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లెక్కుతుంటే నాకు ఫోన్ వచ్చింది. ఒక పక్కకు జరిగి నిలబడ్డాను. ఫస్ట్ పీరియడ్ లెక్కల క్లాసుంది. వెళ్లి చెప్పాను కూడా. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఎల్బీనగర్‌లోని మా బడిలో ఆవిడ పదకొండేళ్లు పనిచేశారు. చేతులు ఏదో ఒక పుస్తకానికి అట్ట వేస్తుండగానే మాట్లాడేవారు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకే నవల చదివించేవారు. అందులో, రెండో ప్రపంచ యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు, అక్కడి తెలుగు కూలీ కుటుంబమొకటి అడవుల గుండా కాలినడకన ఇటు బయల్దేరుతుంది. కథ చెప్పేది పద్నాలుగేళ్ల అమ్మాయి.

“ఇది యుద్ధం నవలేనర్రా. కానీ తుపాకులు పట్టుకున్నవాళ్లు పెద్దగా కనిపించరు, నడిచినవాళ్లే ఉంటారు. మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టండి, చాలు,” అనేవారు.

మేడం వాళ్ల అమ్మమ్మ ఆ దారినే వచ్చిందట. “ఎంతడిగినా చెప్పేది కాదు. చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. ఈ నవల చదివాకే ఆవిడెందుకు మాట్లాడలేదో తెలిసింది,” అని ఒకసారి నాతో అన్నారు.

పోయినేడు తుర్కయంజాల్ నుంచి ఒక తండ్రి వచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు, భయముంది.

“మేడం, మా బిడ్డ రెండు దినాల సంది అన్నం సక్కగ తింటలేదు. ముసలామెను అడవిల ఇడిచిపెట్టొచ్చిండ్రంట గా బుక్కుల. గిసొంటియి పిల్లలకెందుకు?”

“ఏడ్చిందా అండి?”

“ఏడ్సింది. వాళ్ల నాయనమ్మ పక్కల పండుకొని ఏడ్సింది.”

“అయితే చదవనివ్వండి,” అన్నారు మేడం మెల్లగా.

ప్రిన్సిపాల్ మాత్రం ఆ నవల ప్రతులన్నీ తీసేయమన్నారు. స్టాఫ్ మీటింగులో మేడం మా అందరి వైపూ చూశారు. అదే బడిలో చదివిన మా అమ్మాయి పాఠాలు కాక వేరే పుస్తకం చదవడం ఆ నవలతోనే మొదలైంది. ఆ ఒక్క ముక్కా నేను చెప్పి ఉండొచ్చు. తల వంచుకున్నాను. ఆవిడే ఆరు ప్రతులూ బీరువాలోంచి తీసి, సంచిలో సర్దుకుని, నాగోల్‌లో తన ఇంటికి పట్టుకెళ్లారు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఈ ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఆవిడకు మాట పోయింది. మా అమ్మాయి మేడం వాళ్లింటికి వెళ్లి ఒక ప్రతి అడిగి తెచ్చి, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని రోజూ కాస్త చదివి వినిపించేది. నేనూ వెంట వెళ్లిన రోజు, ముసలమ్మను వదిలేసి వచ్చే చోటు రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేసింది. మేడం ఎడమచెయ్యి లేచింది. చూపుడువేలితో పేజీని వెనక్కి నెట్టారు.

“వద్దు మేడం,” అంది మా అమ్మాయి.

వేలు అక్కడే ఉంది.

నాకు క్షమించమని అడగాలని ఉంది. జవాబివ్వలేని మనిషిని ఏమని అడగను? మంచం కాళ్ల దగ్గర ఊరికే నిలబడ్డాను. మా అమ్మాయి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. పక్క మంచం మీది ముసలాయనకు అన్నం తినిపిస్తున్న కోడలు, ఎత్తిన చెంచాను ఎత్తినట్టే పట్టుకుని, వింటోంది.