ఆరు గీతల సీసా

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నాకు గుణింతం వరకూ వచ్చు, ఆ పైన రాదు. అయినా నాలుగేళ్ళు జనానికి మందులు కలిపి ఇచ్చాను. కొల్లేటి ఒడ్డున మిషనువారి చిన్న ఆసుపత్రి అది. మా ఆయన అక్కడ గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఆయన పోయాక డాక్టరు దొరసానిగారు నన్ను సీసాలు కడగడానికి పెట్టుకున్నారు. కడిగే చేతికే మెల్లగా మందు కొలిచే గ్లాసు కూడా వచ్చింది. జాడీల మీది ఇంగ్లీషు నాకు రాదని ఆవిడ ఒక్కో జాడీకి ఒక్కో అంకె వేశారు. రోగి తెచ్చే చీటీ మీద అదే అంకె ఉండేది. నాలుగో నంబరు చలిజ్వరం మందు, క్వినైను. మా వైపు అదే ఎక్కువ పోయేది.

అసలు కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని తాడేపల్లిగూడెం పంపేశారు. "వచ్చే నెలలో మరియొకరు వచ్చెదరు, అంతవరకు నీవు ఓర్చుకొనుము" అన్నారు దొరసానిగారు. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. ఆ వచ్చే నెల ఏడాది గడిచినా రాలేదు.

ప్రార్థన గంటకి ముందే గది తెరిచి నీళ్ళు కాచేదాన్ని. మధ్యాహ్నానికి గది మూయాలని గుమ్మం పక్కన బోర్డు ఉండేదిట. లంకల జనానికి బోర్డుతో ఏం పని? గాలి ఎటు వీస్తే ఆ వేళకి వచ్చేవారు. తెల్లారి బయల్దేరిన దోనె మూడో జాముకి ఒడ్డుకి తగిలేది. వణుకుతూ దిగిన మనిషికి ఆ బోర్డు చూపించి తలుపు వేయలేను కదా. దీపాల వేళ దాకా నిలబడే ఉండేదాన్ని. మందులు పోయడం, లేపనం నూరడం, మాత్రలు చుట్టడం, సీసాలు తోమడం అన్నీ నేనే. అన్నం కిటికీ దగ్గర నిలబడి తినేదాన్ని. సాయంత్రానికి కాళ్ళు వాచి, మట్టెలు తీసేసిన వేళ్ళ మీద గుర్తులు కూడా కనబడేవి కావు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అమ్మగారండీ, ఏదో ఒక రోజు నా చెయ్యి తప్పుతుందండి. ఎవరి ప్రాణమో పోతుందండి. ఇంకో మనిషిని వేయండి."

"ప్రభువు నీ చేతిని పట్టుకొనును" అన్నారు.

మరి గ్లాసు ఎవరు పట్టుకుంటారండీ అని నోటిదాకా వచ్చింది. గ్లాసు తీసుకుని జాడీల వైపు తిరిగాను.

భయపడ్డదే జరిగింది. ఎలా జరిగిందో చెప్పాలంటే గీతల కాగితం సంగతి చెప్పాలి. జనం ఇంటి నుంచి సీసా తెచ్చుకునేవారు. మేము మందు పోసి, సీసా పక్కన నిలువుగా ఒక కాగితం ముక్క అంటించేవాళ్ళం. దాని అంచున కత్తెరతో గంట్లు కోసి ఉండేవి. ఒక గంటు నుంచి ఇంకో గంటు దాకా ఒక మోతాదు. జనం వాటిని గీతలు అనేవారు. పెద్దవాళ్ళకి ఆరు గీతలు, పిల్లలకి పన్నెండు. పొద్దున్నే కత్తిరించి పెద్దవాళ్ళవి కుడి మేకుకి, పిల్లలవి ఎడమ మేకుకి గుచ్చేదాన్ని.

ఆ రోజు దొరసానిగారు పొద్దున్న చీటీలు రాసి నల్లజర్ల క్యాంపుకి వెళ్ళిపోయారు. సాయంత్రం చూసుకుంటే ఎడమ మేకుకి ఒక కాగితం మిగిలింది. పది కోశాను. పిల్లల చీటీలూ పదే ఉన్నాయి. అంటే ఏదో ఒక పిల్లకి ఆరు గీతలు అంటించాను. ఆ బిడ్డకి పూటపూటకీ రెండింతల క్వినైను.

ఆ పిల్ల ఎవరో వెంటనే గుర్తుకొచ్చింది. దగ్గర్లోని లంక నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, మనవరాలి కోసం. ఆవిడ సీసా చేపనూనె కంపు కొట్టింది. బూడిదేసి రెండుసార్లు తోమాను. వెనక వరసలోవాళ్ళు "ఇంకా ఎంతసేపండీ, తెల్లారుద్దా ఇక్కడే?" అని దెప్పుతున్నారు. ఆ తొందరలో కుడి మేకు మీదకి చెయ్యి పోయింది.

చీకట్లో దోనె తీసేవాళ్ళు లేరు. తెల్లారగానే గదికి తాళం వేసి ఒక పడవవాణ్ణి బతిమాలాను.

"గది మూసేసి వస్తున్నారా? జనం ఊరుకోరండి."

"తిట్టనీ. నువ్వు గెడ వెయ్యి బాబూ."

దోవ పొడుగునా నాచు. గెడ లాగినప్పుడల్లా దోనె ఆగి ఆగి కదులుతోంది. ఏడుపు ఏ గుడిసెలోంచి వినిపిస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ముసలమ్మ వాకిట్లో కొర్రమీనుల పొలుసు గీకుతోంది. పిల్ల పక్కనే తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. వాళ్ళ ఎదురుగా కూర్చున్నాను.

"మామ్మా, మందు ఎన్నిసార్లు పోశావు?"

"ఒక్కసారేనండీ. అయిపోయింది కదా."

"సీసాడూ పిల్లకే పోశావా?"

"అయ్యో, అదేంటండీ. ఇంట్లో ఆరుగురం. మీరు ఆరు గీతలు పెట్టారు. మనిషికో గీత."

"జ్వరం పిల్లకి కదా!"

"ఈ ఇంట్లోకి ఏది వచ్చినా వాటాలే కదండీ. వలలో పడ్డ చేపకి వాటా, సంచిలో వచ్చిన బియ్యానికి వాటా. దానికి ఒక్కదానికే పోసి మిగతావాళ్ళం చూస్తా కూర్చుంటే మర్యాదేనా? మా మనుషుల్ని లెక్కెట్టి మరీ గీతలు పెట్టారే అని మా అల్లుడు మిమ్మల్ని మెచ్చుకున్నాడు కూడాను."

"పన్నెండు పెట్టి ఉంటే?"

"పక్కింటోళ్ళకీ పోసేదాన్ని."

పిల్ల చెవిలో వేలు పెట్టుకుని తిప్పుతోంది. తుమ్మెద దూరిందిట. క్వినైను ఎక్కువైతే చెవిలో అలాగే హోరుమంటుంది. ఆ ఒక్క పెద్ద మోతాదుకే రాత్రి కక్కుకుందిట కూడా. రెండోది పడి ఉంటే ఏమయ్యేదో. నా తప్పుని వాళ్ళ తప్పు కాచింది. కానీ జ్వరం ఎక్కడికీ పోలేదు, ఒళ్ళు కాలుతోంది. మందు చూస్తే చుక్క లేదు.

సీసా తీసుకుని వెనక్కి వచ్చాను. గుమ్మం ముందు పాత చీటీలతో జనం. "పెత్తనాలు అయ్యాయాండీ?" అంది ఒకావిడ. ముందు ఆ సీసాలో మందు పోసి, పన్నెండు గీతలు అంటించి, పడవవాడికి ఇచ్చాను. "ఒక్క పిల్లకే. ముసలమ్మ చేత ఒట్టు వేయించుకో" అని చెప్పాను. ఆ తరవాత దీపాల దాకా మళ్ళీ నిలబడ్డాను. పొద్దుటి నుంచీ మెతుకు లేదు.

పిల్లకి జ్వరం తగ్గిందని నాలుగో రోజున కబురు వచ్చింది. ఆ సాయంత్రమే దొరసానిగారూ వచ్చారు. అన్నీ దాచకుండా చెప్పాను. పని పోయినా పోనీ, ఇది విన్నాకైనా రెండో మనిషిని వేస్తారని నా ఆశ. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. చెప్పాను.

"మరి రెండో మనిషండీ?" అన్నాను లేచి.

"హాని జరుగలేదు గదా. నీవంటి నమ్మకమైనది ఉండగా తొందర ఎందుకు?"

ఆ బిడ్డ చచ్చి ఉంటే వేసేవారేమో. ఇది నేను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడే అంటున్నాను. పాపమని రాయకుండా వదిలేయకమ్మా, రాయి.

మర్నాడు ఎడమ మేకు పీకి ఎదుటి గోడకి కొట్టాను. చెయ్యి చాపితే అందకూడదు, నడిచి వెళ్ళి తీసుకోవాలి. పిల్లల సీసా వచ్చినప్పుడల్లా ఆరడుగులు అటు, ఆరడుగులు ఇటు. నా కాళ్ళకి ఆ నడక కొత్తగా వచ్చి చేరింది. రెండో మనిషి మాత్రం నేను ఆ పని మానేసేదాకా రాలేదు.