మిగిలిన రెండు కీర్తనలు

మూడు రోజుల ముసురు తరువాత ఈ ఉదయం ఎండ వచ్చింది. బీరువాలోని పుస్తకాలను మంచం మీద పరిచి కిటికీ తెరిచాను. వాటిలో ఒకదానికి బస్సు సీటు నుంచి కోసిన ఆకుపచ్చ రెక్సిన్ అట్ట ఉంది. ఎండ తగలగానే దాని నుంచి గ్రీజు వాసన వచ్చింది. ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. ఎన్నిసార్లు తుడిచినా ఆ వాసన పోలేదు. నిజం చెప్పాలంటే, పోయేంత గట్టిగా నేనెప్పుడూ తుడవలేదు. అది శౌరయ్య ప్రార్థన పుస్తకం. ఆయనను నేను శౌరన్న అనేవాణ్ణి.

నారాయణఖేడ్ బస్సు డిపోలో ఆయన మెకానిక్. నేను డ్యూటీ చార్టులు రాసే గుమాస్తాను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. మాది కల్హేర్ దగ్గర మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. పెళ్ళయ్యాక నా భార్య ఆగ్నేసు వెంట కతోలిక గుడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆదివారం పూజ తప్ప అక్కడి పద్ధతులేవీ నాకు తెలియవు. కతోలికులకు రోజును ప్రార్థనతో అక్కడక్కడా ఆపే సంప్రదాయం ఒకటి ఉందని, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు ఏ పూటకు ఆ పూట బైబిలు కీర్తనలు ఉంటాయని, గురువులకు, మఠంలోని సిస్టర్లకు అది విధి అయినా మామూలు మనుషులూ చేసుకోవచ్చని నాకు తెలిసింది గుడిలో కాదు, ఒక బస్సు కింద.

ఆ రోజు నాగల్‌గిద్ద బస్సుకు బ్రేకు సరిగ్గా పట్టడం లేదని షెడ్డులో ఆపారు. బయట ప్రయాణికులు కేకలు వేస్తున్నారు. ఎంతసేపు పడుతుందో అడగడానికి వెళ్ళాను. బస్సు కింద నుంచి రెండు కాళ్ళు కనిపించాయి, ఒక గొణుగుడు వినిపించింది. నన్నే తిడుతున్నాడనుకున్నాను.

"ఏంది శౌరన్నా, ఎవల్ని తిడుతున్నవ్?"

గొణుగుడు కాసేపు సాగి, దానంతటదే ఆగింది. "తిడ్తలేను తమ్మీ. పన్నెండయింది. దేవునితోని రెండు మాటలు మాట్లాడుతున్న."

"బస్సు కింద పండుకొనా?"

"మరి ఇగ దేవుణ్ణి షెడ్డు బయట నిలవెట్టాల్నా? చేతులు ఆగలేదు సూడు. నీ బస్సు పది నిమిషాలల్ల పోతది, పో."

నిజంగానే పది నిమిషాల్లో బస్సు కదిలింది. పని వేళ చేతులకు గ్రీజు ఉంటుంది కనుక పుస్తకం ముట్టుకోలేక మధ్యాహ్నపు కీర్తనలను ఆయన నోటికి నేర్చుకున్నాడు. సాయంత్రం డ్యూటీ దిగాక మాత్రం కిరోసిన్‌తో, సబ్బు పొడితో మోచేతుల దాకా కడుక్కొని, వేళ్ళు ఎండలో ఆరబెట్టుకొని అప్పుడు పుస్తకం తెరిచేవాడు. అయినా ప్రతి పేజీ మూలా నల్లగా ఉంటుంది.

ఆయనను చూసి నేనూ మొదలుపెట్టాను. కానీ నేను చార్టుల మనిషిని. పదిహేడో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ప్రతి తేదీ కింద నాలుగు గళ్ళు గీసుకుని, చేసిన ప్రార్థనకు టిక్కు, తప్పినదానికి సున్నా పెట్టేవాణ్ణి. సున్నా కంటికి కనబడితే నాకు సహించేది కాదు. అందుకని తప్పిపోయినవన్నీ ఇంటికి వచ్చాక వరుసగా చదివి, సున్నాను టిక్కుగా దిద్దేవాణ్ణి. పొద్దు గూకుతుండగా కూర్చుని, తెల్లవారినందుకు దేవునికి స్తోత్రం చెప్పేవాణ్ణన్నమాట. సంగతి తెలిసి శౌరన్న షెడ్డంతా వినపడేలా నవ్వాడు.

"పొద్దుగాల పోవాల్సిన కల్హేర్ బస్సు పోలేదనుకో. చార్టు నిండాల్నని సాయంత్రం దాన్ని ఖాళీగ పంపుతవా?"

"పంపను."

"మరి? పోయింది పోయింది. ఇప్పుడు ఏ పూటనో గా పూట చెయ్యి. దేవుడేమన్న నీ చార్టు చెకింగుకు వస్తడా?"

నేనూ నవ్వాను. గళ్ళు గీయడం మాత్రం మానలేదు.

నేను రిటైరైన మరుసటి ఏడాది ఆగ్నేసుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. సంగారెడ్డిలో కొన్నాళ్ళు దవాఖానలో ఉంచి ఇంటికి తెచ్చాను. పగలు నా చెల్లెలు వచ్చి చూసుకునేది, పొద్దు వాలాక నా వంతు. పిలవడానికి ఆగ్నేసు పక్కన నీళ్ళున్న ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను. ఎడమ చేత్తో చెంచాను గ్లాసుకు కొడితే నేను వెళ్ళాలి. ఎవరికీ చెప్పకుండా ఒక మొక్కు మొక్కుకున్నాను: నలభై రోజులు నాలుగు పూటలూ వేళ తప్పకుండా, నడుమ లేవకుండా ప్రార్థిస్తాను, ఆమె లేచి నడవాలి. డైరీలో నూట అరవై గళ్ళు ముందే గీసి పెట్టుకున్నాను.

ముప్పై నాలుగో రోజు సాయంత్రం ముందు గదిలో ప్రార్థన మొదలుపెట్టాను. ఇంకా రెండు కీర్తనలు ఉన్నాయనగా లోపల చెంచా మోగింది. గొంతు పెంచి చదివాను. మళ్ళీ మోగింది. మళ్ళీ. తరువాత ఏదో పడిన చప్పుడు, ఆపైన ఏమీ లేదు. నేను పుస్తకం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. ఆనాటి డైరీలో ఈ మాట రాయలేదు కనుక ఇక్కడైనా రాయాలి.

అప్పుడే శౌరన్న గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. అప్పటికి ఆయనకు డెబ్బై. రోజూ ఆ వేళకు ఆగ్నేసును చూసి పోయేవాడు.

"తమ్మీ, ఆగ్నేసు చెల్లె చెంచా కొట్టింది. నాకు గేటు కాడికి ఇనబడ్డది, నీకు ఇనబడలేదా?"

రెండు వేళ్ళు చూపించాను.

"ఏంది రెండు?"

చెప్పక తప్పలేదు. "రెండు కీర్తనలే ఉన్నయన్నా. మొక్కిన. నలభై దినాలు నడుమల లేవకుంట చేస్తె ఆమె నడుస్తదని. ఇంక ఆరు దినాలే."

కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. "ఆమె నడువాల్నని, ఆమె పిలిస్తె పోతలేవా?" అన్నాడు. "లే. జల్దీ లే."

మంచం మీద నీళ్ళన్నీ ఒలికి ఉన్నాయి. నేను రాకపోయేసరికి ఆగ్నేసు గ్లాసు తానే ఎత్తుకుని తాగబోయింది. చీర, దుప్పటి తడిసిపోయి, గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. శౌరన్న గడప దగ్గరే ఆగి, తడి దుప్పటి అడిగి తీసుకుని పెరట్లోకి పోయాడు. నేను తలుపు దగ్గరకు వేసి ఆమెకు బట్టలు మార్చసాగాను. పడిపోయిన చేతిని జాకెట్టులోంచి తీయడం నాకింకా చేతనయ్యేది కాదు. ఆమె నా ముఖం చూడలేదు.

అంతలో కిటికీ అవతల, దుప్పటి పిండుతున్న నీళ్ళ చప్పుడు మధ్య, శౌరన్న గొంతు వినిపించింది. ఇన్నేళ్ళలో సాయంకాలపు కీర్తనలూ ఆయనకు నోటికి వచ్చేశాయి. నేను వదిలి వచ్చిన రెండు కీర్తనలను మా ఇద్దరికీ వినపడేలా అందుకున్నాడు. ఒక పాదం చెప్పి ఆగాడు, జవాబు పాదం కోసం. నేను ఆమె చేతిని జాకెట్టులోంచి మెల్లగా తీస్తూ జవాబు చెప్పాను. ఆయన మరో పాదం చెప్పాడు. మూడోసారి నా గొంతుతో ఇంకో గొంతు కలిసింది. వంకరపోయిన పెదవులతో, సగం సగం మాటలతో ఆగ్నేసు జవాబు చెబుతోంది. నా వైపు తిరిగి చెబుతోంది.

ఆ రోజు మూడో గడిలో టిక్కు పెట్టాలో, సున్నా పెట్టాలో తెలియక ఖాళీగా వదిలేశాను. మిగిలిన ఆరు రోజుల గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

ఆగ్నేసు నడవలేదు. ఇంకో ఎనిమిది నెలలు ఉంది. సాయంకాల ప్రార్థన ఆమె మంచం పక్కనే జరిగేది. నీళ్ళకు ఆగేది, మాత్రకు ఆగేది, సగంలో ఆమెకు నిద్ర పడితే అక్కడితో ముగిసేది. మొక్కు విడిచినందుకే నడవలేదేమోనన్న భయం ఆమె పోయాక నన్ను చాలాకాలం పట్టుకుంది. ఒకనాడు శౌరన్నతో అనేశాను.

"నాకు తెల్వది తమ్మీ. బ్రేకు సంగతైతే సూసి చెప్తుంటి," అన్నాడు. "గాని నాడు నువ్వు లేవకపోయింటె, ఇయ్యాల నీకు గింతకంటె పెద్ద పరేషాన్ ఉంటుండె."

శౌరన్న పోయిన పదో రోజున ఆయన కొడుకు ఈ పుస్తకం తెచ్చి, "బాపు నీకే ఇయ్యమన్నడు కాకా" అని చేతిలో పెట్టాడు.

ఇప్పుడు సాయంత్రం వీధి తలుపు తీసి ప్రార్థనకు కూర్చుంటాను. మా వీధిలో నల్లా సరిగ్గా ఆ వేళకే వస్తుంది. పక్కింటి శివమ్మకు మోకాళ్ళ నొప్పులు, నిండు బిందె ఎత్తలేదు. వాళ్ళింట్లో కన్నడం మాట్లాడతారు. నిన్న రెండో కీర్తన నడుమ గోడ అవతల నుంచి కేక వేసింది.

"సారూ, నీరు బంతు, నీళ్ళొచ్చినయ్! జల్దీ రా, మల్ల పోతది!"

పేజీలో రిబ్బను పెట్టి లేచాను. ఆమె బిందెలు నింపి లోపల పెట్టి, నావి నింపుకుని వచ్చేసరికి మసక చీకటి పడింది. చేతులు తుడుచుకుని, ఆపిన పాదం నుంచి మళ్ళీ అందుకున్నాను. తరువాత డైరీ తీసి రాశాను: నల్లా ఆరుంబావుకు వచ్చింది. శివమ్మకు నాలుగు బిందెలు.