పెదాల మందుకు కొసరు

నా రెండు పెదాలు కలిసి నా పరువును నిజామాబాద్ బజారులో ఎలా తీశాయో చెబుతాను. పెదాలు ఎండటం కూడా ఒక కష్టమేనా అని మీరు మూతి తిప్పుకోవచ్చు. తిప్పగలుగుతున్నారుగా, అదృష్టవంతులు!

అప్పుడు నాకు యాభై దాటింది. నెలసరి ఆగి రెండేళ్లు. దానితోపాటే ఒంట్లో తడి కూడా సెలవు పెట్టి వెళ్లిపోయినట్టుంది. పెదాలు బోధన్ ఫ్యాక్టరీలో రసం పిండి బయట పోసిన చెరకు పిప్పిలా తయారయ్యాయి. నవ్వితే చీలిక, ఆవలిస్తే నెత్తురు. అందరికీ పెదాలు తినడానికి. నాకు బేరానికి! ధర వినగానే "ప్చ్" అనాలంటే పెదాలు తడిగా ఉండొద్దూ? నేను "ప్చ్" అంటే అగ్గిపుల్ల గీసిన చప్పుడొచ్చేది.

సరిగ్గా ఆ ఎండల్లోనే నందిపేట నుంచి మా వదిన, కూతురు సరితకు పెళ్లిచీర కొనడానికి దిగింది. దుకాణంలో ఒక నెమలికంఠం రంగు చీర మీద సరిత మనసు పడింది. ధర మూడువేల రెండొందలు. వదిన కొంగులో ఉన్నది రెండున్నర వేలు.

"నువ్వున్నవు గదా అత్తా, నాకేం రంది?" అంది సరిత.

రంది నాకుంది. బేరం మర్నాటికి వాయిదా వేసి, పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"నెలసరి ఆగినంక గిట్ల ఎండుతయమ్మా. మాటిమాటికి నాలుకతోని తడపకు. పొర పీకకు. నీళ్లు మంచిగ తాగు. సాదా వ్యాజిలిన్ రాయి, సాలు."

అంత చదువుకున్నావిడ ఇంత చవక మందు చెప్పిందేమిటని నాకు అక్కడే అనుమానం. మందుల కొట్లో వ్యాజిలిన్ తీసుకుని, అలవాటుగా చేయి చాపాను.

"కొసరు?"

"మందులకు కొసరేందమ్మా?" అన్నాడు కొట్టతను.

"పప్పుకిస్తరు, బెల్లానికిస్తరు. మందుకేం రోగం? గా పచ్చ డబ్బి ఇయ్యి."

"గది మోకాళ్ల నొప్పులకు. మా అవ్వకని పక్కకు పెట్టిన. పెదాలకు అస్సలు పెట్టద్దు!"

ఇక్కడ నా పెంపకం గురించి ఒక ముక్క చెప్పాలి. బోధన్‌లో మా బాపుది కిరాణా కొట్టు. మేలైన బెల్లాన్ని గల్లాపెట్టె వెనక దాచి, ఎవరైనా అడిగితే "గది మీకు పనికిరాదు" అనేవాడు. దుకాణదారు వద్దన్నదే అసలు సరుకని నాకు ఉగ్గుపాలతో పట్టారు. అందుకే పేచీ పెట్టి డబ్బీ లాక్కున్నాను. "పెదాలకు కాదమ్మా!" అని వీధి మలుపు దాకా అరుస్తూనే ఉన్నాడు పాపం. ఇంతగా అరుస్తున్నాడంటే ఎంత గొప్ప మందో అనుకున్నాను!

మధ్యాహ్నం, జొన్నరొట్టెకు వెన్న పట్టించినట్టు దట్టంగా పట్టించాను. మొదట చల్లగా, హాయిగా ఉంది. ఆ తర్వాత ఎవరో మూతి మీద పొయ్యి ముట్టించారు. కడిగితే మంట ఇంకా పెరిగింది. అద్దంలో చూస్తే రెండు మిరపకాయ బజ్జీలు, వాటి పైన నా ముక్కు.

"ఏమైందే? తేనెటీగలు గిట్ల కుట్టినయా?" అంది వదిన. చెబుదామంటే మాట పెగల్లేదు.

"అత్తా, సీర పోయినట్టేనా?" అంది సరిత. పిల్ల ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని బయలుదేరాను.

బేరమంటే వదినకు దడ, నా వెనక నక్కింది. చీరల సేటు నన్ను చూడగానే చేతులు మడిచాడు.

"రా అక్కా, ఎంత కొట్లాడుతవో కొట్లాడు. మూడువేల రెండొందలు. పైస తగ్గ!"

నేను పలకలేదు.

"సరే, నీ మొహం జూసి మూడువేలు."

పలకలేదు. మందు ఘాటు ముక్కుకెక్కి కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి. సేటు పరుపు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏడుస్తున్నవా అక్కా? ఇన్నేండ్ల గిరాకివి! రెండువేల ఎనిమిదొందలు!"

మంట ఆగక, గడప పక్కనున్న కుండలో నీళ్ల కోసం లేచాను.

"పోకు అక్కా! రెండున్నర!"

నీళ్లు పెదాలకు తగిలేసరికి ప్రాణం పోయినంత పనై, తల అడ్డంగా విదిలించాను.

"రెండువేల మూడొందలు! జాకెట్టు గుడ్డ కొసరు! ఇగ నన్ను సంపకు!"

ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నా ఏ సేటూ నాకు అంత కిందికి దిగిరాలేదు. అడక్కుండా కొసరు కూడానా! సరిత చీరను గుండెలకు హత్తుకుంది. నోరు తెరవకుండానే బేరం గెలిచినందుకు నాకు మాత్రం సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఆ చవక వ్యాజిలినే నాలుగు రోజుల్లో నా మూతిని మనిషి మూతి చేసింది. ఈలోగా నా నోట జరిగిందంతా విన్న వదిన, దాన్ని వాడంతా చాటింది. అయిదో రోజు పక్కింటి లక్ష్మి వచ్చింది.

"అక్కా, బట్టలకు పోతున్నం. నువ్వు రావాలె."

పోయిన పరువు తిరిగొచ్చిందని పొంగిపోయి చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"చెప్పులు తర్వాత అక్కా. ముందుగాల జర గా పచ్చ డబ్బి రాసుకో!"

అందుకని, నా రెండు పెదాల మీద ఒట్టు: మందుల కొట్లో వద్దన్నదాన్ని ఈ జన్మలో మూతికి పూయను, పెదాల మందుకు కొసరు అడగను. డబ్బీ మాత్రం పారేయలేదు, ఊరికే వచ్చిందాయె. మోకాళ్లకు రాసుకుంటే, ఆ కొట్టతను చెప్పినట్టే, బ్రహ్మాండంగా పనిచేసింది.