తుప్పుకు ఐదొందలు

మా అమ్మాయి కీబోర్డు కొనుక్కోవడానికి తన పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్మాలనుకుంది. తెనాలి దుకాణంలో నాలుగువేలే ఇస్తామన్నారు. అంతకిస్తే కీబోర్డు ఆశ వదులుకోవాల్సిందే. నేను రేపల్లెలో ఇంట్లో కూర్చుని ఫోనులో అలాంటి పది గిటార్ల ధరలు చూసి, కాగితం మీద సగటు కట్టాను. ఉప్పుగాలికి పట్టిన తుప్పుకు ఐదొందలు తగ్గించి, ఆ సంగతీ రాసి, తొమ్మిదివేల ఐదొందలకు ప్రకటన పెట్టాను.

బాపట్ల నుంచి చర్చిలో వాయించే ఒకాయన వచ్చి, తను తెచ్చుకున్న స్పీకరుకు తగిలించి మీటాడు. గిటారుకు ఉలుకూ పలుకూ లేదు.

"ఏంటి బాబాయ్ గారూ, మూగదానికా ఇంత ధర?"

మా అమ్మాయి ఆయన వైరు పీకి తనది పెట్టింది. ఇల్లంతా మోగిపోయింది!

"సరేనండి, ఆరువేలు చేసుకోండి," అన్నాడాయన.

"తగ్గించాల్సింది ముందే తగ్గించానండి," అని లెక్క కాగితం చేతికిచ్చాను.

"తుప్పుకి కూడా లెక్కేశారే!" అని నవ్వి, మొత్తం ఇచ్చేశాడు.

బేరమాడతారని ధర పెంచి చెప్పడం మా వైపు అలవాటు. పెంచకుండానే నిలబడి గెలవవచ్చని యాభై ఏళ్లకు తెలిసింది.