పదిహేడో బోరు

కోనసీమ నుంచి కువైట్ వెళ్ళిన పెద్దిరాజు ఒక డ్రిల్లింగ్ కంపెనీలో బోర్ల రిజిస్టరు రాసేవాడు. భూమిలోని నీటిలో చమురు కలుస్తోందేమో చూడడానికి ఎడారిలో తక్కువ లోతు బోర్లు వేసేవారు. ఎన్ని మీటర్ల దాకా ఇసుక, ఎక్కడ సున్నపురాయి, ఎక్కడ నీరు పడిందన్నది అతను రాయాలి. బోరు వేసే చోట గుర్తుకర్ర పాతడం కూడా అతని పనే.

1994 మార్చిలో, వఫ్రా దారిలో పదిహేడో బోరు దగ్గర అతనికి జ్వరం కాసింది. రిగ్గు మీద పనిచేసే రాయచోటి ఖలందర్ అతని చేతిలోంచి కర్ర లాక్కున్నాడు.

"నువ్వు బండిలో కూచో రాజన్నా. నేను నాటొస్తా."

నలభై అడుగులు వెళ్ళాడో లేదో, గల్ఫ్ యుద్ధకాలం నుంచి ఇసుకలో మిగిలిపోయిన మందుపాతర పేలింది.

నేలను పరీక్షించకుండా మనుషుల్ని పంపారని తెలిస్తే కాంట్రాక్టు పోతుంది. అందుకని మేనేజరు, పదిహేడో బోరుకు ఎదురుగా "రాయి తగిలింది, ఆపేశాం" అని రాయమన్నాడు. "రాస్తావా, ఇంటికి పోతావా?" పెద్దిరాజు రాశాడు.

తర్వాత అతను టైర్ల జాడ లేని ఇసుక మీద అడుగు వేయలేదు. అతను ఉండే మహబూలాలో గది పక్కనే సముద్రమున్నా ఒడ్డుకు దిగలేదు. మిట్టమధ్యాహ్నం రిగ్గు ఆగినప్పుడు ఒక్కోసారి వెనక నుంచి "రాజన్నా" అని వినిపించేది. తిరిగి చూస్తే ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు.

2009లో కొత్త ఇంజనీరు సత్యశ్రీ పాత రిజిస్టరు తెరిచింది.

"పదిహేడు దగ్గర మళ్ళీ వేద్దామండీ. రాయేగా, పెద్ద రిగ్గు పంపిస్తాను."

"అక్కడ రాయి లేదమ్మా" అన్నాడు పెద్దిరాజు. "ఆ మాట రాసింది నేనేనండి. అక్కడ మా ఖలందరు పోయాడండి."

ఆమె పని ఆపించి, మందుపాతరలు వెతికేవాళ్ళను రప్పించింది. ఇంకో రెండు దొరికాయి. కంపెనీ పెద్దిరాజు వీసా రద్దు చేసింది. వెళ్ళేముందు అతను రిజిస్టరులో "రాయి" కొట్టేసి ఖలందర్ పేరు రాశాడు.

విమానం దిగి ముందుగా రాయచోటి వెళ్ళాడు. ఖలందర్‌ను లారీ గుద్దిందని అతని భార్య బషీరా బీకి అప్పట్లో కంపెనీ చెప్పింది. పెద్దిరాజు ఆమెకు జరిగిందంతా చెప్పాడు.

"పదైదేండ్లు ఆ లారీవాణ్ణి శపిస్తాంటినే అన్నా! వాడు లేనే లేడా?"

"లేడమ్మా. ఆ కర్ర పాతాల్సింది నేనండి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"అయితే నీ బదులు పోయినాడా ఆయప్ప?"

జవాబు కోసం ఆగకుండా తలుపు వేసుకుంది. ఊరెళ్ళే బస్సు పోయేదాకా పెద్దిరాజు ఆ వీధిలోనే నిలబడిపోయాడు.