ల్యాప్‌టాప్‌కు జరమొచ్చిన రోజు

ఊరందరి ముందు, పై అధికారి సాక్షిగా, ఒక మనిషి తన తెలివిని తానే ఎలా బయటపెట్టుకోగలడో మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులుపడకండి. ఆ ఘనకార్యం నేను చేసి ఉన్నాను. చదివి నవ్వుకోండి, మా పిల్లలకు మాత్రం చెప్పకండి.

మాది బద్వేలు. నాన్నది బట్టల కొట్టు. మూడు తరాలుగా మా ఇంట్లో అందరూ గజంబద్ద పట్టినవాళ్ళే, ల్యాప్‌టాప్ పట్టింది నేనొక్కడినే. రెండు వేల ఎనిమిదిలో ఒక సేవాసంస్థలో ఉద్యోగమొచ్చి, కోసిగి దగ్గర ఒక పల్లెలో పడ్డాను.

వానలు మోసం చేసిన ఏడాది అది. ఊరిలో సగం మంది మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. పొలాల్లో నీటి కుంటలు తవ్వుకోవడానికి ఒప్పుకుంటే ఆ తవ్వే కూలి పని ఊరిలోనే దొరుకుతుంది, వచ్చే ఏడు పైరుకు నాలుగు తడులూ అందుతాయి. ఆ సంగతి బొమ్మలతో చూపించి, వాళ్ళు బస్సెక్కేలోపు పేర్లు రాయించుకోవడం నా పని.

చిక్కల్లా ఒకటే. నా ల్యాప్‌టాప్ తెరిచిన పది నిమిషాలకల్లా పెనంలా కాలి, కాసేపు గుర్రుమని, టప్పున ఆరిపోయేది. ఒడిలో పెట్టుకుంటే తొడల మీద అట్టు పోసినట్టుండేది.

నేను అద్దెకున్న ఇంటి నరసమ్మవ్వ ఒకరోజు దాని మీద చెయ్యి వేసి చూసింది.

“ఏం నాయనా, దీనికి జరమొచ్చిందా?”

“వైరస్ అయ్యుంటుంది అవ్వా,” అన్నాను, పెద్ద డాక్టరులా.

“మా మనవరాలికీ అదేనంట. తడిగుడ్డ ఏస్తే తగ్గె.”

కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి, అవ్వ మాట వింటానా? విన్నాను. తడిగుడ్డ వేశాను. నీళ్ళకుండ పక్కన పెట్టాను. టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి నేను ఉక్కలో పడుకున్నాను. ఏ ఎండకు ఆ గొడుగు పట్టమన్నారు పెద్దలు. నేను పట్టని గొడుగు లేదు, జ్వరం మాత్రం తగ్గలేదు.

సభ రోజు రానే వచ్చింది. కర్నూలు నుంచి మా మేడమ్ వచ్చి, బడి గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు. నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ పూటే తేలుతుంది. నేను ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి జనం వైపు తిప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఎండిన చేను బొమ్మ వచ్చింది. బీడు బొమ్మ వచ్చింది. నీళ్ళు నిండిన కుంట బొమ్మ వచ్చిందో లేదో, తెర నల్లబడింది.

ముందు వరసలో ఉన్న రైతు ఈరన్న మెడ సాచి చూశాడు. “ఏం సారూ, కుంట అప్పుడే ఎండిపాయెనా?”

“వేడెక్కింది. పది నిమిషాలు చల్లారనివ్వండి.”

చల్లారింది. మళ్ళీ ఎండిన చేను, మళ్ళీ బీడు, మళ్ళీ సరిగ్గా కుంట దగ్గర చీకటి. నరసమ్మవ్వ ఎవరింట్లోంచో చేట తెచ్చి, పొయ్యిలో నిప్పుకు విసిరినట్టు విసరడం మొదలుపెట్టింది.

మేడమ్ గడియారం చూసుకున్నారు. ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను: “ఇది నాజూకు యంత్రం. మీ ఊరి ఎండ దీనికి పడదు.”

“మాకూ పడల్యా సారూ,” అన్నాడు ఈరన్న నిదానంగా. “అందుకే పోతాండాం.”

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు లేచి తువ్వాళ్ళు దులుపుకుని గడప దాటారు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు లేచారు.

అప్పుడు ట్రాక్టర్లు బాగుచేసే మస్తాన్ ముందుకొచ్చాడు. “సారూ, దీనికి రేడియేటర్ యాడుండాది?”

నేను జాలిగా నవ్వాను. “ఇది ట్రాక్టర్ కాదు మస్తాన్ భాయ్. దీంట్లో నీళ్ళు పోయరు.”

“నీళ్ళు సరే. గాలన్నా పోవల్ల గదా. యాడ్నుంచి పోతాది?”

అంటూనే ల్యాప్‌టాప్‌ను తిరగేశాడు. కాసేపు చూశాడు. “ఈ పట్టీలు కంపెనీవోళ్ళు ఏసినవేనా?”

ఇక్కడ మీకొక నిజం చెప్పక తప్పదు. ల్యాప్‌టాప్ చేతికొచ్చిన మొదటి వారమే, ఈ నేల దుమ్ము లోపలికి పోకూడదని, అడుగునా పక్కలా కనిపించిన చిల్లులన్నిటినీ అట్టపెట్టెలకు వేసే టేపుతో మూసింది నేనే. చీరల పార్సిల్ కట్టినంత శ్రద్ధగా మూశాను. అది మేలు చేస్తోందన్న నమ్మకంతో దాని మీద అనుమానమే పడలేదు.

“ఎవరు అంటించారు?” అన్నారు మేడమ్.

నరసమ్మవ్వ నా వైపు చూడకుండా, “నేనేనమ్మా, లోపలికి దుమ్ము పోతాదని,” అనేసింది.

అవ్వ నెత్తిన నా తప్పు పెట్టి నిలబడలేకపోయాను. “కాదు మేడమ్. నేనే.”

మస్తాన్ నన్ను ఎగాదిగా చూశాడు. “దుమ్ము పోతాదని మీరు ముక్కుకు పట్టీ ఏసుకుంటారా సారూ?”

గది పగిలేలా నవ్వారు. గడప దాటినవాళ్ళు ఏం జరిగిందో తెలుసుకోవడానికి వెనక్కొచ్చారు. అడిగినవాళ్ళకల్లా మస్తాన్ మొదటి నుంచీ చెప్పాడు. ప్రతిసారీ టేపు ఒక మూర పెరిగింది. ఈలోగా పట్టీలు పీకేస్తే, ల్యాప్‌టాప్ ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషిలా హాయిగా ఊపిరి తీసుకుంది. కుంట బొమ్మ వచ్చింది. వచ్చి నిలబడింది.

నవ్వుకు ఆగినవాళ్ళు మాటకూ ఆగారు. ఈరన్న తెర దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపించాడు. “వాననీళ్ళు ఈ పక్క నుంచి వస్తాయి గదా. ఆ దావన్నా మూయకుండా ఇడుస్తారా సారూ?”

“విడుస్తాం.”

“అట్లయితే రాసుకోండి నా పేరు.”

ఆ తర్వాత పుస్తకంలో పేజీ సరిపోలేదు. కొందరు గుంటూరు బస్సు ఎక్కారు, నిజమే. కానీ శానామంది మూటలు విప్పారు.

మేడమ్ జీపెక్కుతూ నన్ను పిలిచారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“నీ ఉద్యోగానికేం ఢోకా లేదు,” అన్నారు. “ఆ టేపు చుట్ట మాత్రం నాకిచ్చెయ్.”

కనుక సకల యంత్రాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువుకైనా చిల్లు కనబడితే, అది ఎందుకుందో కనుక్కోనిదే దాని మీద వేలైనా పెట్టను. కనుక్కోవడం కూడా నా చదువును కాదు, దగ్గర్లో ఉన్న ట్రాక్టర్ మెకానిక్కును అడిగి కనుక్కుంటాను.